ఆవు వద్దు గానీ, ఆ '2' తీసేయండి సారూ...

2025 మార్చి రెండో వారంలో ఒక పొద్దున్న నెల్లిమర్ల నుంచి మా అత్త ఫోను. హలో కూడా లేదు. "ఒరే, విన్నావేటి? మూడోది మగపిల్లోడు పుడితే మన ఎంపీ ఆవునిత్తారంట. ఆడగుంటయితే యాభై వేలంట. నువ్వేటి, ఇంకా ఒకదాన్తోటే కూకున్నావు!"

మూడో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు మాది. ఆవునెక్కడ కట్టాలత్తా అన్నాను. "బాల్కనీ ఉందికదేటి" అంది. మా ఆవిడ పక్కనుంచి విని నవ్వింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

విషయం తెలియని వాళ్ల కోసం. మా నెల్లిమర్ల విజయనగరం లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది. 2024లో ఇక్కడ తెలుగుదేశం తరఫున కలిశెట్టి అప్పలనాయుడు గారు గెలిచారు, సుమారు రెండున్నర లక్షల మెజారిటీతో. పసుపు సైకిల్ తొక్కుకుంటూ పార్లమెంటుకి వెళ్లే ఎంపీ అంటే మీకు గుర్తొస్తారేమో. 2025 మహిళా దినోత్సవం నాడు విజయనగరం సభలో ఆయన ఒక ప్రకటన చేశారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే తన జీతంలోంచి 50 వేలు ఆ పిల్ల పేరు మీద డిపాజిట్ చేస్తారట, మగపిల్లాడైతే ఆవునిస్తారట. ఒకటి రెండు రోజుల్లో దేశమంతా పాకిపోయింది. ఢిల్లీ ఇంగ్లీషు చానెళ్లు కూడా ఆవు బొమ్మ వేసి మరీ చర్చ పెట్టాయి.

మన ఐటీ జనం సంగతి తెలిసిందేగా. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఆ వారమంతా ఆవు జోకులే. "బోనస్ బదులు ఆవు" అని ఒకడు, "జెర్సీయా, ఒంగోలా?" అని ఇంకొకడు. నేనూ రెండు వేశాను, అబద్ధమెందుకు. కానీ తర్వాత ఆలోచిస్తే ఆయన మీద నవ్వడం తేలికే గానీ, ఆయన ఎత్తిన విషయం మాత్రం నవ్వేది కాదనిపించింది. పైగా సొంత జీతంలోంచి ఇస్తానన్నాడు, ఖజానాలోంచి కాదు. ఆడపిల్లకి డబ్బు అన్నాడు, ఆడపిల్లని తక్కువ చెయ్యలేదు. ఆమాత్రం మెచ్చుకోవాలి.

అసలు ఈ గోల ఎందుకొచ్చిందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా నిలవాలంటే 2.1 ఉండాలి. దేశం సగటు 2.0, బీహార్ 3.0. చంద్రబాబు గారు 2024 నుంచి ఇదే చెప్తున్నారు, రాష్ట్రం ముసలిదైపోతోంది, ఎక్కువ మందిని కనండీ అని. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ, మునిసిపల్ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న పాత నిబంధన 2024 నవంబరులో ఎత్తేశారు. 2025 మార్చి 8న మార్కాపురం సభలో, ప్రభుత్వ ఉద్యోగినులకి ఎన్ని కాన్పులైనా ప్రసూతి సెలవు ఇస్తామన్నారు. అదే రోజు ఇటు విజయనగరంలో మా ఎంపీ గారి ఆవు.

ఇహ నాకొచ్చిన రోగం లెక్కలేసుకోవడం. కాయితం తీసుకుని కూర్చున్నాను.

ఎంపీ జీతం నెలకి 1.24 లక్షలు (2025 మార్చిలో పెంచారు). ఏడాదికి 14 లక్షల 88 వేలు. అంటే మొత్తం జీతం ఇచ్చేసి ఆయన పస్తున్నా, ఏడాదికి 29 మంది ఆడపిల్లలకి సరిపోతుంది. ఇంకో పిల్ల పుడితే అప్పు చెయ్యాలి. నియోజకవర్గంలో ఉజ్జాయింపుగా 20 లక్షల జనాభా అనుకుందాం. ఏడాదికి వెయ్యి మందికి 15 మంది పుడతారనుకుంటే 30 వేల కాన్పులు. అందులో నూటికి ఐదు మూడో కాన్పులనుకున్నా 1,500. సగం ఆడపిల్లలైతే 750 మందికి మూడు కోట్ల డెబ్బై ఐదు లక్షలు. ఆవుల సంగతి లెక్కలో వెయ్యనేలేదు. మనవాళ్ల భాషలో చెప్పాలంటే డెమోకి బానే ఉంది, ప్రొడక్షన్‌లోకి ఎక్కిస్తే కూలిపోతుంది.

పోనీ ఆ 50 వేలు అందాయే అనుకోండి. 7 శాతం వడ్డీకి ఇరవయ్యేళ్లు కదపకుండా ఉంచితే సుమారు లక్షా తొంభై మూడు వేలు. మన కాలనీలో ఎల్‌కేజీ ఫీజు కట్టినవాళ్లకి ఈ అంకె చూసి ఏడుపొస్తుందో నవ్వొస్తుందో నాకు తెలీదు.

అయినా ఆ మాటన్నది నాబోటి వాళ్ల కోసం కాదులే, పల్లెల్లో వాళ్ల కోసం అని సర్దిచెప్పుకున్నాను. ఆ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా పెదనాన్న కూతురిని అడిగాను. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్పకి ఇద్దరాడపిల్లలు, వయసు ముప్పై రెండు. "అప్పా, ఆవు కావాలా?" అన్నాను ఆటపట్టిస్తూ. కుంపటి మీద పాలు చూసుకుంటూ వెనక్కి తిరక్కుండానే చెప్పింది, "ఆపరేసనయ్యి ఆరేళ్లయిందిరా, ఇప్పుడేటి ఆవు?"

అంతే. ఏ చానెల్‌లోనూ ఎవరూ అనని మాట అది. అదే సర్వేలో ఇంకో అంకె ఉంది చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. దేశంలో ఇంతకంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం లేదు. (మగవాళ్లకా? నూటికి ఒక్కరు కూడా లేరు. మనం ఫోన్లో ఆవు జోకులు వేసుకుంటాం.) మా చిన్నప్పుడు ఊళ్లో ప్రతి ప్రభుత్వాసుపత్రి గోడ మీదా ఎర్ర త్రికోణమే. ముప్పై నలభై ఏళ్ల పాటు ప్రభుత్వం మొత్తం యంత్రాంగాన్ని పెట్టి, టార్గెట్లు పెట్టి, ఆడవాళ్లని బల్ల ఎక్కించింది. వాళ్లు ఎక్కారు. ఇప్పుడు వచ్చి ఇంకొకరిని కనమంటే మా అప్ప ఏం చేస్తుంది?

సరే, ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఆవిడ నవ్వు ఎందుకు నిలవలేదో చెప్తానన్నాను కదా.

మా పాప 2024లో పుట్టింది. మా ఆవిడ కూడా సాఫ్ట్‌వేరే. ఆవిడకి చట్ట ప్రకారం 26 వారాల సెలవు దొరికింది. నాకు ఐదు రోజులు. అందులో మూడో రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి ల్యాప్‌టాప్ కిటికీ మీద పెట్టుకుని రిలీజ్ కాల్‌లో ఉన్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు, నేనే తగుదునమ్మా అని కలిశాను, ఆ తప్పు నాదే. ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. సెలవయ్యాక ఆవిడ డ్యూటీకి వెళితే, మాకు క్రెష్ సదుపాయం ఉంది అని ఒక లిస్టు ఇచ్చారు. అన్నిటికంటే దగ్గరది తొమ్మిది కిలోమీటర్లు, ఆఫీసుకి వ్యతిరేక దిశలో. మా అమ్మ ఊరినుంచి వచ్చి ఐదు నెలలుంది. అక్కడ నాన్న కిరాణా కొట్టు మూసి రాలేడు, రెండు పూటలా హోటల్ కూడు, ఆయనకి బీపీ. చివరికి అమ్మ వెళ్లిపోయింది. నెల తిరక్కుండా మా ఆవిడ రాజీనామా చేసింది. ఎనిమిది నెలల తర్వాత మళ్లీ ఇంటర్వ్యూలకి వెళితే ఒకచోట, చాలా మర్యాదగానే, "రెండో పాప ప్లాన్ ఏమైనా ఉందా అండీ?" అని అడిగారట. ఆ ఉద్యోగం రాలేదు. అందుకే రాలేదని రుజువేం లేదు.

కాబట్టి మా ఇంట్లో మూడోది కాదు, రెండోదే పెద్ద ప్రశ్న. ఇలాంటి ఇళ్లు ఇది చదువుతున్నవాళ్లలో ఎన్నో ఉంటాయని నాకు తెలుసు.

మా ఆవిడ సెలవు కోసం అప్పట్లో చట్టం తిరగేశాను. మామూలుగా మనం చదివేది హెచ్ఆర్ వాళ్లు పంపిన పీడీఎఫ్ వరకే. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి 12 వారాల సెలవుని 26 చేశారు, అందరికీ తెలిసిందే. దాని కిందే ఒక చిన్న ముక్క ఉంది. అప్పటికే ఇద్దరు బిడ్డలున్న తల్లికి 26 కాదు, 12 వారాలే. ఈఎస్ఐలో కూడా అంతే. ఆ చట్టాన్ని 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపారు, 2025 నవంబరు 21 నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ ముక్క కూడా యథాతథంగా వచ్చి కూర్చుంది. పాత కోడ్‌ని కొత్త ప్లాట్‌ఫారానికి మార్చినప్పుడు ఎవరూ తెరిచి చూడని ఫైలులో బగ్ అలాగే వచ్చేసినట్టు.

ఇప్పుడు మళ్లీ లెక్క. నెలకి 15 వేలు జీతమొచ్చే ఒక అమ్మాయి అనుకోండి, మా వైపు ఏ బట్టల ఫ్యాక్టరీలోనో, ప్రైవేటు ఆసుపత్రిలోనో. ఆమె మూడో బిడ్డని కంటే పోగొట్టుకునేది 14 వారాల జీతం. లెక్కేస్తే సుమారు 49 వేలు. ఎంపీ గారిచ్చేది 50 వేలు! ఆయన జేబులోంచి ఇచ్చిన డబ్బుని ఆయన కూర్చునే సభ చేసిన చట్టం అటునుంచి లాగేస్తోంది. మిగిలేది వెయ్యి రూపాయలు. యాభై వేల జీతమొచ్చే అమ్మాయైతే ఆ పద్నాలుగు వారాల్లో లక్షా అరవై వేలు ఎదురు నష్టం.

ఒకసారి చూడ్డం మొదలుపెడితే ఆ '2' అన్నిచోట్లా కనబడుతుంది. కేంద్ర ప్రభుత్వ మగ ఉద్యోగులకి 15 రోజుల పితృత్వ సెలవుంది. అదీ ఇద్దరి దాకానే. ప్రధాన మంత్రి మాతృ వందన యోజనలో మొదటి కాన్పుకి 5 వేలు, రెండోది ఆడపిల్లయితేనే 6 వేలు, మూడోదానికి సున్నా. ఎవరో ఎప్పుడో ఇద్దరు చాలు అన్న కాలంలో ఆ అంకెని హార్డ్‌కోడ్ చేసి పెట్టేశారు. నాయకులు పైన స్క్రీను మార్చి ముగ్గురిని కనండి అని రాశారు. లోపల మాత్రం అదే 2. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక తమిళనాడు టీచరమ్మ కేసులో ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కుల్లో భాగమని చెప్పింది. కానీ ప్రతి తల్లీ సుప్రీంకోర్టు దాకా వెళ్లలేదు కదా.

మరి ఈ '2' మార్చే అధికారం ఎవరిది? పంచాయతీ సర్పంచుది కాదు, ఎమ్మెల్యేది కాదు. అచ్చంగా మా ఎంపీ గారిది, ఆయన పక్కన కూర్చునే వాళ్లది. ఆయన జీతం వల్ల ఏడాదికి 29 మందికి మేలు. ఆయన లేచి ఒక సవరణ అడిగితే దేశంలో జీతమున్న ప్రతి తల్లికీ మేలు. ప్రైవేటు మెంబరు బిల్లులు పాసవ్వవు అంటారు, నిజమే. స్వాతంత్ర్యం వచ్చాక చట్టమైనవి పద్నాలుగే, చివరిది 1970లో. కానీ మావాళ్లు ప్రతిపక్షంలో లేరే! 2024లో బీజేపీకి సొంతంగా వచ్చినవి 240, కావలసినవి 272. తెలుగుదేశానికి పదహారు మంది. అంత బలం ఉన్నప్పుడు బిల్లే అక్కర్లేదు, సరైన బల్ల ముందు కూర్చుని గట్టిగా అడిగితే చాలు.

ఇక్కడ పక్క నియోజకవర్గం గురించి ఒక మాట చెప్పాలి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2021 బడ్జెట్ సమావేశాలప్పుడు భార్య ప్రసవం కోసం పితృత్వ సెలవు తీసుకుంటున్నానని బాహాటంగా చెప్పి సభకి కొన్నాళ్లు రాలేదు. అప్పట్లో మావైపు పెద్దవాళ్లు "ఆడోళ్ల పురుడుకి మగోడికేటి సెలవు" అని ముక్కు మీద వేలేసుకున్నారు. అంతకు ముందు శానిటరీ ప్యాడ్ల మీద జీఎస్టీ గురించి మాట్లాడినప్పుడూ అంతే. నాకు మాత్రం ఆవు కంటే ఆ సెలవే పెద్ద ప్రచారం అనిపిస్తుంది. మా నాన్న నన్ను ఎత్తుకున్న ఫోటో ఒక్కటుంది, అదీ నాకు ఏడాది వచ్చాక. ఒక ఎంపీయే సెలవు పెట్టాడని తెలిస్తే వాకిట్లో కూర్చున్న మామూలు మగాడు కూడా కాస్త ఆలోచిస్తాడు. ఆయనే 2024లో కేంద్ర కేబినెట్ మంత్రయ్యారు, పౌర విమానయానం. 36 ఏళ్లకే. ఇప్పుడైనా ప్రైవేటు ఉద్యోగులకి ఆ సెలవు చట్టం కావాలని మంత్రివర్గంలో అడిగితే ఎంత బావుంటుంది! ప్రస్తుతం మనలాంటి వాళ్లకి పితృత్వ సెలవంటే కంపెనీ దయ. ఐదు రోజులిస్తే ఐదు, ఇవ్వకపోతే లేదు. 2025 డిసెంబరులో మహారాష్ట్ర ఎంపీ సుప్రియా సూలే పితృత్వ సెలవు మీద ప్రైవేటు బిల్లు పెట్టారు. దానితోపాటే ఆఫీసు టైము అయ్యాక ఫోను ఎత్తకుండా ఉండే హక్కు మీద ఇంకొకటి. వరండాలో రిలీజ్ కాల్ గుర్తొచ్చి నాకు ఆ రెండూ ఒకటే బిల్లు అనిపించాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. 26 వారాల జీతం, ఈఎస్ఐ వర్తించని చోట, మొత్తం కంపెనీయే కట్టాలి. ప్రభుత్వం పైసా పెట్టదు. అందుకే ఇంటర్వ్యూలో ఆ మర్యాదపూర్వకమైన ప్రశ్న. పిల్లలు రాష్ట్రానికి, దేశానికి కావాలంటున్నారు, ఖర్చు మాత్రం ఆ అమ్మాయికి ఉద్యోగమిచ్చినవాడి నెత్తిన! అందరు యజమానులూ, ప్రభుత్వం కలిసి ఒక నిధిలో వేస్తే, ఎవరు ఆడవాళ్లని తీసుకున్నా ఎవరికీ తేడా ఉండదు. ఉమ్మడి నిధి అన్నది నా సొంత తెలివేమీ కాదు, ఈఎస్ఐలో యజమానులు, ఉద్యోగులు కలిసి వేసేది అలాంటి నిధిలోనే.

ఇహ నియోజకవర్గాల పునర్విభజన. జనం ఎక్కువుంటే లోక్‌సభ సీట్లు ఎక్కువని, అందుకే కనాలని కొందరి వాదన. 1976లో 42వ సవరణతో సీట్ల పంపకాన్ని 1971 లెక్కల దగ్గర ఆపేశారు, 2001లో 84వ సవరణతో ఆ గడువుని 2026 తర్వాత వచ్చే మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించారు. ఆంధ్రకి 25 సీట్లు, ఉత్తరప్రదేశ్‌కి 80. మాట విని కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రానికి శిక్షా అని అడగడం న్యాయమే. నేనూ అడుగుతాను. కానీ దానికి మందు మూడో బిడ్డ కాదు.

ఎందుకంటే 2027 మార్చి 1 నాటి జనాభా లెక్కలో నన్ను నెల్లిమర్లలో రాయరు. హైదరాబాద్‌లో రాస్తారు. నేను, మా ఆవిడ, మా పాప - ముగ్గురం తెలంగాణ లెక్క. నా పదో తరగతి స్నేహితుల్లో ఇద్దరు కర్ణాటక లెక్క, ఒకడు తమిళనాడు. పూసపాటిరేగ, భోగాపురం తీరంలో మత్స్యకారులు ఏడాదిలో సగం గుజరాత్ వెరావల్లో ఉంటారు. 2018 నవంబరులో అలా వెళ్లిన మా రెండు జిల్లాల వాళ్లు పాకిస్తాన్ వాళ్లకి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉన్నారు. 2011 లెక్కల్లో విజయనగరం జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకి 1,019 మంది ఆడవాళ్లు. దాన్ని చూపించి గొప్పగా చెప్పుకుంటాం గానీ, మగాళ్లు ఊళ్లో ఉంటేగా లెక్కకి దొరకడానికి! ముగ్గుర్ని కన్నా ఆ ముగ్గురూ ఇరవయ్యేళ్లకి విశాఖ ఎక్స్‌ప్రెస్సో, కోరమాండలో ఎక్కేస్తే, మేం పెంచిన జనాభా పక్క రాష్ట్రం ఖాతాలో పడుతుంది.

మా ఊళ్లో ఉద్యోగమంటే ఒకప్పుడు వందేళ్లనాటి జనుము మిల్లు. ఇప్పుడందరి చూపూ భోగాపురం విమానాశ్రయం మీద. అదీ నెల్లిమర్ల అసెంబ్లీ నియోజకవర్గంలోదే. 2023 మేలో శంకుస్థాపన జరిగింది, 2026 జనవరి 4న రామ్మోహన్ నాయుడు గారిని ఎక్కించుకుని మొదటి విమానం పరీక్షగా దిగింది. దాని చుట్టూ ఎన్ని ఉద్యోగాలొస్తాయో, అందులో మావాళ్లకి సెక్యూరిటీ గార్డు కంటే పెద్దవి ఎన్నో చూడాలి. అప్పలనాయుడు గారూ, మీరు అడిగి తేల్చాల్సిన వాటిలో అదొకటి. మీరు సైకిల్ మీద పార్లమెంటుకి వెళ్లడం నాకు నిజంగా నచ్చింది. దాని హ్యాండిల్‌కి ఒక సంచి తగిలించుకుని అందులో ఆ కోడ్ పుస్తకం వేసుకెళ్లండి. సెక్షను 60. 12 వారాలు అన్న చోట కొట్టేసి 26 అని రాయమనండి.

మొన్న మళ్లీ అత్త ఫోను. ఆవు ఎవరికైనా ఇచ్చారా అనడిగాను. "ఏమో, ఆ సంగతి నాకేటి తెలుసు గానీ, మీ ఆవిడకి ఉద్దోగం వచ్చిందేటి?" అంది. ఇంకా లేదత్తా, వచ్చే వారం ఒక ఇంటర్వ్యూ ఉంది అన్నాను. "ఈసారి పిల్ల ఉందని సెప్పకండి" అని ఫోను పెట్టేసింది.